తవుడుకు కొన్న బిడ్డ

చెబితే నవ్వుతారు గానీ, సౌదీలోని అల్ ఖర్జ్‌లో నేనొక ఆడబిడ్డను కొన్నాను. దోసెడు తవుడిచ్చి కొన్నాను. అమ్మింది మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి. అమ్మాక కూడా ఆ బిడ్డకు పాలిచ్చిందీ, పెంచిందీ ఆ అమ్మాయే. నాకు మిగిలిందల్లా, "నీ కూతురు ఏం చేస్తాంది?" అంటూ మా ఆయన రోజూ చేసే ఎగతాళి.

మాది కడప జిల్లా. దూదేకుల వాళ్ళం, కాబట్టి నమాజు చదివినా ఇంట్లో తిట్టుకునేదీ ముద్దుచేసేదీ తెలుగులోనే. మా ఆయన తనకు వీసా ఇచ్చిన కఫీలు పేరు మీదున్న ఒక బఖాలా చూసుకుంటాడు. బఖాలా అంటే పాలూ రొట్టే ఫోన్ కార్డులూ అమ్మే చిల్లర కొట్టు. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళయ్యాక నేనూ వచ్చి ఆయన దగ్గరే ఉండిపోయాను. పగలంతా నాకు పనుండదు, నోరేమో ఊరుకోదు. అలాంటి రోజుల్లో ఎదురు ఫ్లాట్‌లోకి శ్రీకాకుళం వైపు జంట ఒకటి దిగింది. అతను ఊరి బయట పాల ఫారంలో పాలు పితికే మిషన్లు బాగుచేస్తాడు. ఆ అమ్మాయికి అప్పటికే నెలలు దగ్గరపడుతున్నాయి. దిగిన రోజే తలుపు కొట్టి, "అప్పా, కాస్త చింతపండుంటే ఇస్తావేటి?" అని అడిగింది. వాళ్ళ వైపు అక్కను అప్ప అంటారట. ఆ పిలుపు నాకు భలే నచ్చింది. చింతపండుతో పాటు ఊరిబిండి పచ్చడి కూడా గిన్నెలో పెట్టి పంపాను.

కడుపుతో ఉన్న ఆడదాని ముఖంలో ఉండే కళ మాత్రం ఈమెలో కనబడలేదు. పుట్టబోయే బిడ్డకు చొక్కాలు కుడదామని నేను మెత్తటి గుడ్డ తెస్తే ముట్టుకోను కూడా లేదు. నాకు చర్రున కోపమొచ్చింది.

"ఏం మే, అంత బెట్టు? నేను తెచ్చిన గుడ్డ నీకు పనికిరాదా?"

"అది కాదప్పా. ఇది మూడోది. ముందరిద్దరూ పోనారు," అంది.

మొదట మగపిల్లాడు, తర్వాత ఆడపిల్ల. ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. అత్తగారి వైపు వాళ్ళు గాలి సోకిందన్నారట. పుట్టింటి వాళ్ళు దిష్టి అన్నారట. ఒక ముసలావిడ, ఆమె నోరు పడిపోను, తల్లి పాలలోనే విషముందని అందట. ఆ మాట చెప్పేటప్పుడు ఈ అమ్మాయి పైట సర్దుకుని, చేతులు రెండూ రొమ్ముకు అడ్డంగా పెట్టుకుంది. నేను ఆ గుడ్డ మడిచి పక్కన పెట్టాను.

బిడ్డలు పోవడం నాకు వినని సంగతి కాదు. మా అమ్మ తొమ్మిది కాన్పుల్లో ఐదుగురిని దక్కించుకుంది. పోయిన నలుగురి సంగతీ అడిగితే చెనిక్కాయలు ఒలుస్తూ మామూలుగా చెప్పేది. ఒకడికి పాలు పొరబోయినాయి. ఒకదానికి దిష్టి. ఒకడికి వాయి వచ్చి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుగోది మాత్రం ఊరికే పోయింది అనేది. ఊరికే ఎలా పోతారమ్మా అని అడిగితే, "ఊరికే అంటే ఊరికే, పోయి నీళ్ళు తెచ్చుకోపో," అని కసిరేది. ఆ వయసులో నాకు ఆ జవాబు చాలింది.

ఈ అమ్మాయి మొగుడికి మాత్రం చాల్లేదు. ఒక శుక్రవారం మా ఇంట్లో టీ తాగుతూ మా ఆయనతో అన్నాడు. "అన్నా, ఫారంలో ఒక దూడ సచ్చిపోతే డాక్టరొస్తాడు. కోసి సూస్తాడు. ఇదిగో, ఇందుకు పోనాదని సెప్తాడు. నా పిల్లలిద్దరూ ఎందుకు పోనారో నాకు ఎవులూ సెప్పనేదు." మా ఆయన మాటకారి. కొట్టులో యెమనీలతో, బంగ్లా వాళ్ళతో గంటలకొద్దీ వాదిస్తాడు. ఆ రోజు గ్లాసు కింద పెట్టి అతని భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

పాప ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది. ముక్కూ మొహం చక్కగా, గుప్పెడు జుట్టుతో ఉంది. ఇంటికి తెచ్చాక నేను చూడ్డానికి వెళ్తే, ఆ అమ్మాయి తన కాళ్ళ దగ్గర పాపను వేరే దుప్పటి మీద పడుకోబెట్టి, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అప్పా, దీన్ని కొంటావా?"

బాలింత మతి తప్పిందనుకున్నాను. అప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చుని చెప్పారు. పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే వాళ్ళ వైపు ఆ బిడ్డను తవుడుకు అమ్మేస్తారట. దోసెడు తవుడు చేసే బిడ్డ మీద ఎవరికీ కన్ను పడదు, ఆఖరికి చావుకు కూడా. ఏడాది నిండేదాకా బిడ్డ కొన్నవాళ్ళది. కన్నతల్లి సాకుతుంది గానీ, నాది అని మాత్రం నోటితో అనకూడదు. ఏడాది తర్వాత మళ్ళీ తీసుకుంటుంది. కొనేవాళ్ళు ఎంత పరాయి అయితే అంత మంచిదట. ఊరు వేరు, మతం వేరు, నాకంటే పరాయి మనిషి వాళ్ళకు ఇక్కడ ఎవరు దొరుకుతారు! మా వైపు కూడా ఇలాంటి బిడ్డలను దర్గాకు మొక్కుకోవడం ఉంది. అందుకని నేను మారుమాట్లాడకుండా సరే అన్నాను.

తవుడు ఫారం నుంచి వచ్చింది. అతను రొట్టెల కవర్లో పోసుకొచ్చాడు. విప్పి చూడగానే ఆ అమ్మాయి ఏడుపు లంకించుకుంది. "ఇది గోధుమ తవుడు బావా! మనకి వరి తవుడు గదా కావాల!"

"ఈ ఎడారిలో వడ్లెవరు పండిస్తాండారు మే నీకోసం!" అని నేను గయ్యిమన్నాను. "తవుడు తవుడే. అంత రకాలు చూసేంత తీరిక దానికి యాడిది?"

చావును తలిచానని తెలిసి నాలుక కరుచుకున్నాను. పాపను పడుకోబెట్టడానికి చేట కూడా లేదు. హోటలు నుంచి అరబ్బుల మందీ అన్నం తెచ్చుకున్నప్పుడు మిగిలిన పెద్ద అల్యూమినియం పళ్ళెం కడిగి, అందులో గుడ్డ పరిచి పాపను పడుకోబెట్టారు. నేను తవుడు దోసిట పట్టి ఆ అమ్మాయి కొంగులో పోశాను. పళ్ళెంలోంచి పాపను ఎత్తుకున్నాను. అప్పటిదాకా నాకు నవ్వులాటగానే ఉంది. ఆ వెచ్చటి బరువు చేతులకు తగిలాక నవ్వు పోయింది. నా పిల్లలు పుట్టినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

ఆ అమ్మాయి నియమం ఎంత గట్టిగా పట్టిందో చెప్పలేను. పొద్దున్నే తలుపు తీసి, "నీ గుంట రాత్రంతా నిద్ర పోనివ్వనేదప్పా," అనేది. వాళ్ళ వైపు ఆడపిల్లను గుంట అంటారు. లిఫ్ట్‌లో బంగ్లా ఆవిడ ఎవరైనా పాపను ముద్దు చేస్తే నా వైపు చెయ్యి చూపించేది. వాళ్ళు నా నెరిసిన జుట్టు చూసి మాషా అల్లా అంటూ దిగిపోయేవాళ్ళు. మా ఆయనకైతే పండగే. "ఈ వయసులో నాకు బిడ్డను కని ఇచ్చినావు గదే!" అని కొట్టుకొచ్చిన ప్రతి తెలుగువాడికీ చెప్పేవాడు. నేను చెప్పు తీసేదాన్ని.

ఒకరోజు వాళ్ళ తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ అమ్మాయి కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తోంది. పాప బోసి నోటితో కిలకిలమంది. తల్లి ముద్దు పెట్టుకోబోతూ వంగి, బుగ్గ దాకా వెళ్ళి ఆగిపోయింది. తన అరచేతిని తనే ముద్దు పెట్టుకుని, ఆ చేతిని పాప బుగ్గకు ఆనించింది. నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఏం మే, ఒక్క ముద్దు పెట్టుకుంటే కొంపలు అంటుకుంటాయా?"

"ఏడాదే గదప్పా," అంది తల ఎత్తకుండా. నేను లోపలికి పోయి పాపను ఎత్తుకుని, ఆ ముద్దులన్నీ నేనే పెట్టాను. ఆ అమ్మాయి చూస్తూ కూర్చుంది.

పాప కూర్చోవడం నేర్చుకుంటున్న రోజుల్లో జరిగింది అది. మధ్యాహ్నం జుహర్ నమాజు వేళ, కొట్టు మూసి మా ఆయన భోజనానికి వచ్చి ఉన్నాడు. తలుపు దబదబా కొట్టిన చప్పుడు. తీస్తే ఆ అమ్మాయి.

"అప్పా, నీ పిల్ల కళ్ళు తెరవడం నేదు."

అంత ఆపదలోనూ నీ పిల్ల అనే అంది. ముందు రోజు నుంచి పాపకు జ్వరం, వాంతులు. పాలు పడితే కక్కేస్తోందని రాత్రి నుంచి పట్టలేదట. కడుపు ఖాళీగా ఉంటే జ్వరం తగ్గుతుందని అనుకుందట. నన్నడిగినా నేనూ అదే చెప్పి ఉండేదాన్ని, మన ఇళ్ళల్లో జ్వరమంటే లంఖణమేగా. పాపను ముట్టుకుంటే వేడి లేదు. ఒళ్ళంతా చల్లటి చెమట. పిలిస్తే పలకడం లేదు. మా ఆయన అన్నం చేత్తోనే బండి తాళాలు అందుకున్నాడు. ఫారంలో పాలు పితికే చోటికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. అతనికి చెప్పమని గేటు దగ్గర మనిషికి కబురు పెట్టి బయలుదేరాం.

ఆసుపత్రిలో సూడాను డాక్టరు, మెత్తటి మనిషి. హిందీ తెలిసిన మలయాళీ నర్సు పక్కనే ఉంది. వేలికి గుచ్చి చూసి, రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని, అప్పటికప్పుడు గ్లూకోజు సెలైను పెట్టారు. అది ఎక్కిస్తూనే డాక్టరు అడుగుతున్నాడు, నర్సు హిందీలో చెబుతోంది. తల్లి ఎవరు?

ఆ అమ్మాయి నా వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు నెట్టింది. ఏడాదిలో సగం పైగా అదే మాట చెప్పి చెప్పి ఉన్న నోరు కదా, "నేనే," అనేశాను.

ఇంకా పిల్లలున్నారా? ఇద్దరు. బాగున్నారా? అల్లా దయవల్ల బాగున్నారు. చిన్నప్పుడు పోయిన పిల్లలెవరైనా? లేరు. మీరూ మీ ఆయనా చుట్టాలా? కాదు, ఆయనది ప్రొద్దుటూరు వైపు. నేను చెప్పిందంతా నిజమే. డాక్టరు తలూపి, అయితే వాంతుల వల్లే అయి ఉంటుందని, మామూలు వార్డుకు పంపమని నర్సుకు చెప్పాడు.

మంచం కదుల్తుంటే నాకు బుర్రలో పిడుగు పడ్డట్టయింది. ఆయన అడిగింది ఈ బిడ్డను కన్న కడుపు గురించి. నేను చెప్పింది నా కడుపు గురించి. అయ్యో దేవుడా!

"ఆగండి ఆగండి! తల్లి నేను కాదు, ఈమె. నేను కొన్నాను," అని హిందీలో అరిచాను.

నర్సు ముఖం తెల్లబోయింది. "కొన్నావా?"

"డబ్బుకు కాదు. తవుడుకు."

ఇంకేముంది! నర్సు ఆ మాట డాక్టరుకు చెప్పింది, తలుపు దగ్గరున్న సెక్యూరిటీ అతను లోపలికి వచ్చి నిలబడ్డాడు. నర్సు ఆ అమ్మాయిని అడిగింది, ఈ బిడ్డ నీదేనా అని. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ, కాదని తల అడ్డంగా ఊపింది.

డాక్టరు కేకలు వేయలేదు. నెమ్మదిగా చెప్పాడు, నర్సు మాకు చెప్పింది. మీరిద్దరూ ఏమవుతారో తర్వాత చూద్దాం. ఒట్టి వాంతులకు చక్కెర ఇంతగా పడిపోదు. వంశంలో ఏదైనా ఉంటే ఇప్పుడే వేరే రక్త పరీక్షలు తీసి పాపను రియాద్ పంపాలి. ఏమీ లేకపోతే ఇక్కడే ఉంచుతాను. ఒకసారి మీరు తప్పు చెప్పారు, రెండోసారి మీ మాట నేను నమ్మలేను. కన్నతల్లి నోటి నుంచి వినాలి.

"చెప్పు మే!" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"చెప్పు మే, నీకు పున్నెముంటాది!"

"నాను సెప్తే ఇనీస్తాదప్పా," అంది. "ఇన్నాళ్ళూ దానికి తెల్దు. ఇప్పుడు నాది అంటే ఇనీస్తాది. వొచ్చీస్తాది."

వినేది ఏదో నేను అడగలేదు. ఆ క్షణంలో ఆమెను చెంప మీద కొట్టాలనిపించింది, ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనీ అనిపించింది. రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకున్నాను.

"ఇననీ మే. బాగా ఇననీ. బిడ్డను కొన్నది ఎవరు? నేను. వచ్చేది యాడికి రావాల? నా గడపకు రావాల. నీ ఇల్లు దానికి తెల్దు. వస్తే నన్నడిగి, నన్ను దాటుకుని రావాల. నేను ఊరికే ఇస్తానా? నా నోరు నీకు తెల్దా? నువ్వు చెప్పు. నేనుండా."

నా కళ్ళల్లోకి చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. నా చెయ్యి వదల్లేదు.

"నా గుంటే," అంది. "నాను కన్నాను."

ఆ తర్వాత ఆగలేదు. నేను హిందీలోకి, నర్సు ఇంగ్లీషులోకి. "బావ మా మేనమామ కొడుకు. ముందర ఒక బాబు. బాగా ఆడేవోడు. జలుబు సేసింది, పాలు ఒల్లనేదు. పోన్లే, కడుపు కాయనీ అన్నారు. రెండు పూటలు పట్టనేదు. పడుకున్నాడు, మరి లెగనేదు. తరవాత పాప. దానికీ జొరం, దానికీ వొంతులు. పట్టకు పట్టకు అన్నారు. ఏడిసి ఏడిసి పడుకుంది. సల్లగా, సెమట పట్టీసి, ఇదిగో, ఇలాగే ఉంది."

ఇలాగే అన్న మాట నేను హిందీలోకి మార్చబోయాను. మార్చాల్సిన పని లేకపోయింది. రెండో బిడ్డ దగ్గరికి వచ్చేసరికే డాక్టరు రాయడం ఆపేసి, ఆమెనే చూస్తున్నాడు. సెక్యూరిటీ అతను ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు. డాక్టరు వెంటనే గొట్టాలు తెప్పించి రక్తం తీశాడు, నిలబడే రియాద్‌కు ఫోన్ చేశాడు.

ఫోన్ అయ్యాక ఒక కుర్చీ లాక్కుని మా ముందు కూర్చుని చెప్పాడు. కొందరు పిల్లలకు కడుపు ఖాళీగా ఉంటే ఒంట్లో ఉన్న కొవ్వు శక్తిగా మారదు. మామూలప్పుడు తెలియదు. జ్వరమొచ్చి పాలు మానేస్తే చక్కెర పడిపోతుంది. తల్లిదండ్రులు దగ్గర చుట్టాలైతే ఇలాంటివి కనబడుతుంటాయి, మా దేశంలోనూ చూశాను, ఈ దేశంలోనూ చూస్తున్నాను. పుట్టినప్పుడు చేసే పరీక్షల్లో అన్నీ పడవు. రియాద్‌లో తేలేదాకా ప్రమాణం చేసి చెప్పలేను. కానీ పిల్లకు వేళకు పాలు పడుతుంటే, జ్వరమొస్తే ఆసుపత్రికి తెస్తుంటే, ఈ పిల్ల పెరుగుతుంది. తర్వాత రియాద్‌లోనూ ఆ మాటే తేల్చారు.

ఆ అమ్మాయి నా చెవిలో అంది, "నా పాల సంగతి అడగవా అప్పా? విషమేమో అడుగు."

అడిగాను. డాక్టరు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఆయన ముఖం మారిపోయింది. "పాలే మందు అని చెప్పండి," అన్నాడు. నేను చెప్పాను. ఆమె పైన వేసుకున్న నల్ల అబాయా అంచు నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

సాయంత్రం వెలుతురు ఉండగానే అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఫారం బట్టల్లోనే, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో. పాప కళ్ళు తెరిచి ఉంది. రియాద్ బండి కోసం చూస్తున్నాం. డాక్టరు చెప్పిందంతా నేనే అతనికి చెప్పాను, నాకు అర్థమైనంత వరకు. అంతా విని గోడకు ఆనుకున్నాడు.

"అంటే ఆలిద్దరూ ఆకలికి పోనారేటి వదినా?"

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"రోజూ ఎన్ని పాలు నా సేతుల మీదుగా పోతాయి! నా పిల్లలు ఆకలికి పోనారేటి?" అంటూ అలాగే గోడ వెంబడి జారి నేల మీద కూలబడ్డాడు. మా ఆయన అతన్ని లేపబోయి, లేపలేక తనూ పక్కనే కూర్చున్నాడు.

ఆ అమ్మాయి మంచం మీద మా వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. పాపను అబాయా లోపలికి తీసుకుంది. మొగుడి ఏడుపు వింటూ పాపను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. తర్వాత తల తిప్పి, నేను అన్నాళ్ళూ వినని గొంతుతో పిలిచింది.

"బావా, ఏడవకు. ఆలిద్దరూ నా పిల్లలే. ఇదీ నా గుంటే. ఇలా రా, తాగుతంది సూడు."

అతను లేవలేదు. ఆ బూట్లతోనే మోకాళ్ళ మీద జరుగుతూ మంచం దాకా వెళ్ళి చూశాడు.